పిలుపు వచ్చింది, ఐ-20 రావాలి

దేవుడు పిలిచాడని చెప్పేవాళ్లకి మన దగ్గర కొదవ లేదు. ఆ పిలుపు ఏ ఊరికన్నదే ఈమధ్య మారింది. మునుపు పిలుపు అందుకున్నవాడు సైకిలెక్కి పక్క ఊరు వెళ్లేవాడు. ఇప్పుడు పిలుపు ఎక్కువగా టెక్సాస్, కెంటకీ, కాలిఫోర్నియాల నుంచి వస్తోంది. దీన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. సర్వాంతర్యామి డాలస్‌లో ఉండకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కాకపోతే అక్కడి సెమినరీలో, అంటే పాస్టర్లని తయారుచేసే కాలేజీలో, చేరాలంటే ఐ-20 (విద్యార్థి వీసాకి ఆధారంగా సెమినరీ ఇచ్చే ఫారం) మొదలుకొని దాటాల్సిన కాగితాల గురించి యువ సేవకులకి నాలుగు ముక్కలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొట్టమొదట అడిగేది సాక్ష్యం. ప్రభువును ఎలా తెలుసుకున్నారో ఒకటి రెండు పేజీల్లో రాయమంటారు. మన సంఘాల్లో సాక్ష్యానికి ఒక పద్ధతుంది. ముందు సినిమాలు, సిగరెట్లు, చెడు స్నేహాలు. మధ్యలో డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు. చివర్లో కన్నీళ్లు, చప్పట్లు. మైకు చేతికిస్తే ముప్పావుగంట. మరి తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబంలో పుట్టి, సండే స్కూల్ కంఠత వాక్యాల పోటీలో స్టీలు గిన్నె గెలుచుకుని, టైఫాయిడ్ కూడా రాకుండా పెరిగినవాడి గతేమిటి? చెప్పుకోదగ్గ పాపం ఒక్కటీ లేదాయె. ఇలాంటివాళ్లు ఇంటర్‌లో క్లాసు ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్లిన సంగతిని అంధకార లోయగా విస్తరించుకోవచ్చు. అవతలివాళ్లు రోజూ ఇవే చదువుతారు కాబట్టి లోయ మరీ లోతుగా లేకుండా చూసుకోవాలి.

అసలు టెన్షన్ రికమండేషన్ లెటర్ల దగ్గర. మీ పాస్టర్ ఒకటి, సంఘ పెద్ద ఒకటి ఇవ్వాలి, ఇద్దరూ మీ బంధువులు కాకూడదు అంటుంది ఫారం. అది తయారుచేసిన పుణ్యాత్ముడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఒక్క ఆదివారం కూడా గడిపి ఉండడు. మన ఇండిపెండెంట్ సంఘాల్లో పాస్టర్ గారంటే నాన్న. ట్రెజరర్ అమ్మ. సంఘ పెద్ద మేనమామ. కీబోర్డు తమ్ముడిది, పాటలు పిన్ని కూతుళ్లవి. బంధువు కాని మనిషి కావాలంటే సౌండ్ సిస్టం అద్దెకిచ్చే కుర్రాడి దాకా వెళ్లాలి. అతను చర్చికి వచ్చేది స్పీకర్లు దించడానికీ మళ్లీ ఎక్కించుకోవడానికీ.

ఎలాగో పక్క మండలం పాస్టర్ గారిని ఒప్పించారనుకోండి. ఫారంలో ఇంకో గడి ఉంటుంది: మీ విద్యార్హత ఏమిటి, ఏ సంస్థ ఇచ్చింది? ఆయన ఫ్లెక్సీ మీద రెవరెండ్ డాక్టర్ అని ఉంది. ఆ డాక్టరేట్ ఒక ఫంక్షన్ హాల్లో, నల్ల గౌను అద్దెతో సహా రుసుము కట్టించుకుని, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి ఇచ్చినది. ఇచ్చిన యూనివర్సిటీకి అమెరికాలో అడ్రస్ ఉంది గాని ఆ అడ్రస్‌లో బిల్డింగ్ లేదు. "అయ్యగారూ, ఈ గడి వదిలేద్దామా?" అంటే ఆయన కాసేపు ఆలోచించి, "జ్ఞానం దేవుడిచ్చిందని రాయి బాబూ" అన్నారు. కాదని ఎవరూ రుజువు చేయలేరు.

ఇంగ్లీషు పరీక్ష పెద్ద విషయం కాదు. వెనక కీబోర్డు వాయిస్తుంటే రెండు గంటలు ఆగకుండా ప్రసంగించేవాడిని, ఏ సంగీతమూ లేకుండా చెప్పేదేదో నిమిషం లోపల ముగించమంటారు, అంతే.

ఇక డబ్బు. పాస్టర్లు చదివే మాస్టర్ ఆఫ్ డివినిటీ మామూలుగా మూడేళ్ల కోర్సు. ఐ-20 ఫారం ఇవ్వడానికి ముందు కనీసం మొదటి ఏడాది ఫీజుకీ, గదికీ, తిండికీ, ఇన్సూరెన్స్‌కీ సరిపడా సొమ్ముందని చూపించాలి. భార్యని తీసుకెళ్తే ఆమె ఖర్చు అదనం, పైగా ఎఫ్-2 వీసా మీద వెళ్లిన ఇల్లాలు అక్కడ ఉద్యోగం చేయకూడదు. కాబట్టి ఒక పేజీలో 'సమస్తానికీ ప్రభువు మీదే ఆధారపడ్డాను' అని రాసినవాడే ఇంకో పేజీలో ఆ ఆధారానికి బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. రేపటి గురించి చింతించవద్దని వాక్యం చెప్తుంది. రేపటికి ఎంత దాచారో డాలర్లలో చెప్పమని ఆఫీసు అడుగుతుంది. ధనవంతుడు పరలోకంలోకి వెళ్లడం కన్నా ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలికన్న మాటని గ్రీకులో చదువుకోవడానికి, ముందు మనం ధనవంతులమేనని చార్టర్డ్ అకౌంటెంట్ చేత రాయించుకోవాలి. సీఏ గారు నాన్నగారి ఎకరన్నర, అమ్మ గాజులు లెక్కేసి, చర్చి స్థలం ఎవరి పేరున ఉందో కనుక్కుని అదీ కలుపుతారు. స్థలం పాస్టర్ గారి సొంత పేరున ఉన్న సంగతి సంఘానికి తెలియకపోయినా నెట్‌వర్త్ సర్టిఫికెట్‌కి తెలుస్తుంది.

మన్యంలో మూడు ఊళ్లకి ఒకే మోటార్ సైకిల్ మీద తిరిగే పాస్టర్ గారి అబ్బాయికి హీబ్రూ నేర్చుకోవాలని నిజంగానే ఉంటుంది. అతని దగ్గర పిలుపుంది, స్టేట్‌మెంట్ లేదు. స్కాలర్‌షిప్పులున్నాయి, కాదనను. ఫీజు మొత్తం మాఫీ చేసే చోట్లు కూడా ఉన్నాయి. కానీ ఫీజు మాఫీ అయినంత మాత్రాన అన్నం మాఫీ కాదు, విమానం టికెట్టూ మాఫీ కాదు. ఫంక్షన్ హాలు కట్టించిన పాస్టర్ గారి అబ్బాయికి ఈ బాధ లేదు. అతని పిలుపు పీడీఎఫ్‌లో ఉంటుంది, బ్యాంకు ముద్రతో.

తర్వాత నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్. విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్‌ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, ముందురోజు ఉపవాస ప్రార్థన, పాస్‌పోర్టు మీద రెండు చుక్కల అభిషేక తైలం. (తైలం అట్ట మీదే రాయాలి. ఫొటో ఉన్న పేజీకి తగిలితే అది వేరే విభాగం చూస్తుంది.) సెమినరీలో నేర్పే ఆదిపాప సిద్ధాంతం ఈ కౌంటర్ దగ్గరే పూర్తిగా అర్థమవుతుంది. మనిషి పుట్టుకతోనే పాపి అంటుంది ఆ సిద్ధాంతం. చదువుకి వచ్చానన్న ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వచ్చినట్టే లెక్క, కాదని రుజువు చేసుకునే భారం వాడిదే అంటుంది అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్. పాపికి క్షమాపణైనా ఉంది. 214(బి)కి అప్పీలు లేదు, కట్టిన ఫీజు వాపసు రాదు.

ఎందుకు వెళ్తున్నావని అడిగితే దేవుడు పంపుతున్నాడని మాత్రం అనొద్దంటాడు అమీర్‌పేట కన్సల్టెంట్. అతనికి ఈ కోర్సు మీద వేరే అనుమానాలున్నాయి. "సార్, ఇది స్టెమ్ కోర్సేనా, అంటే సైన్స్, ఇంజనీరింగ్ లాంటిదేనా?" కాదు. "అయితే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ మీద రెండేళ్ల ఎక్స్‌టెన్షన్ రాదు సార్. డేటా అనలిటిక్స్ చూద్దామా?"

ఇంత విచారణ మనకే ఎందుకని నొచ్చుకునేవాళ్లు చరిత్ర చదవాలి. 1793లో ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ బెంగాల్‌లో దిగినప్పుడు ఆయన దగ్గర ఈస్టిండియా కంపెనీ అనుమతి పత్రం లేదు. నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజరుగా చేసి నెట్టుకొచ్చాడు. 1800లో కంపెనీ చెయ్యి అందని సేరంపూర్‌కి మారాడు, అప్పట్లో అది డెన్మార్క్ వాళ్లది. అక్కడ 1818లో సహచరులతో కలిసి కాలేజీ పెట్టాడు. 1827లో డెన్మార్క్ రాజు దానికి డిగ్రీలిచ్చే హక్కు రాసిచ్చాడు. నేటికీ హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివినవాడికి దక్కేది ఆ సేరంపూర్ పట్టాయే. అంటే పర్మిట్ లేకుండా దిగి, దొరికిన ఉద్యోగం చేసుకుని, సమయం చూసి సరిహద్దు దాటిన మనిషి పెట్టిన కాలేజీ పట్టా చేతిలో పట్టుకుని, నేను నిబంధనలు తు.చ. తప్పకుండా పాటిస్తానని మనవాడు కౌంటర్ ముందు చెప్తున్నాడు. 1842లో అమెరికా నుంచి గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌ని సైతం, పెన్సిల్వేనియా తిరిగి వెళ్తావని ఏమిటి నమ్మకం అని మనవాళ్లెవరూ అడగలేదు.

మనల్ని మాత్రం అడుగుతారు. చదువయ్యాక తిరిగొస్తావా అంటే ధైర్యంగా వస్తానని చెప్పండి. అది అబద్ధం కాదు. సువార్త మహాసభల సీజన్‌లో, జనవరిలో, రెండు వారాలు తప్పకుండా వస్తారు. బస్టాండు నుంచి పొలం గట్టు దాకా ఫ్లెక్సీలు: 'అమెరికా నుండి విచ్చేయుచున్న దైవజనులు'. సూటు, టై, వెనక స్వేచ్ఛా విగ్రహం. పుట్టిన ఊళ్లో, అక్షరాలు దిద్దిన బడి ఎదురుగా వేసిన స్టేజి మీద ఆయన ఇంగ్లీషులో ప్రసంగిస్తారు. పక్కన నిలబడి తెలుగులో చెప్పేది వాళ్ల నాన్నగారే.