సవరణ: ట్రెడ్‌మిల్ ట్రిప్ అవుతుంటే ఎంసీబీ మార్చకండి

ట్రెడ్‌మిల్ ఆన్ చేయగానే ఇంట్లో కరెంటు పోతుంటే 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) తీసేసి 32ది వేయించమని ఇంతకుముందు రాశాను. అది తప్పు, ప్రమాదం కూడా. ఎవరైనా అలా మార్పించి ఉంటే వెంటనే పాత రేటింగ్‌దే పెట్టించండి. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. వైరు అదే ఉంచి ఎంసీబీ పెంచితే, అది పడి కరెంటు ఆపేలోపే వైరు వేడెక్కి ఇన్సులేషన్ కరిగిపోవచ్చు.

అసలు మా ఇంట్లో పడింది ఎంసీబీ కానే కాదు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే, పక్కనున్న ఆర్‌సీసీబీ. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది. ఇళ్లలో మామూలుగా 30 మిల్లీ ఆంప్స్‌ది వాడతారు. ఎర్త్‌కి అంత కరెంటు లీకైతే పడుతుంది, లోడు ఎక్కువైందని పడదు.

ఇక్కడ కావలిలో మా వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్ మిషన్ ముందు కవరు విప్పి చూపించారు. మోటారు బ్రష్‌లు అరిగి రాలిన కార్బన్ పొడి లోపలంతా కాటుకలా పట్టేసి ఉంది. సముద్రపు గాలి తేమ కూడా తోడై, దాని గుండా కరెంటు మోటారు బాడీకి లీకవుతోందని చెప్పారు. శుభ్రం చేసి బ్రష్‌లు మార్చాక మళ్లీ పడలేదు.

మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ప్లగ్ పీకేసి ఆర్‌సీసీబీ మీట పైకి ఎత్తండి. నిలబడితే లోపం చాలావరకు మిషన్‌లోనో దాని వైరులోనో ఉన్నట్టు. అప్పటికీ పడుతుంటే ఇంటి వైరింగ్ చూపించాలి. ఎర్త్ పిన్ను తీసేసి నడపడం మాత్రం అస్సలు వద్దు, హ్యాండిల్ పట్టుకున్నవాళ్లకే షాక్ కొడుతుంది. కవరు కూడా సొంతంగా విప్పకండి. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు ఛార్జ్ ఉంటుంది.