వంటింటి సత్యపీఠం

(విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. మధ్యాహ్నం మూడు గంటలు. విశ్వనాథం గారు రిటైరై రెండేళ్లయింది, అంటే సుభద్రమ్మ గారికి పని పెరిగి రెండేళ్లయిందన్నమాట. పక్క ఫ్లాట్‌లో ఉండేది నేను. మధ్య గోడ పలచన. అందుకని ఇందులో సగం నేను చెవులారా విన్నది, మిగతా సగం సుభద్రమ్మ గారు మా ఆవిడకి చెప్పింది. మూడో సగం ఏమైనా కనిపిస్తే అది నా కల్పన.

ఆయన టీవీ ముందు, రిమోటు చేతిలో. టీవీలో ‘మాయాబజార్’ సినిమా. ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఎదురుగా నీళ్ల బాటిలుకి ఆనించి ఒక లావుపాటి పుస్తకం, ‘బారిస్టర్ పార్వతీశం’ నవల. కళ్లు పుస్తకంలో ఉండటం వల్ల ఈనెలు గిన్నెలోకీ, కాయలు చెత్తలోకీ పోతున్నాయి.)

విశ్వనాథం: సుభద్రా! తొందరగా రావే. వచ్చేస్తోంది.

సుభద్ర: ఎవరూ, గ్యాసబ్బాయా?

విశ్వనాథం: గ్యాసేంటే! ఘటోత్కచుడు!

సుభద్ర: బుక్ చేసి ఎనిమిది రోజులైంది. పొద్దున్నుంచీ మంట ఎర్రగా వస్తోంది. ఘటోత్కచుడొచ్చి వంట చేస్తాడేమో కనుక్కోండి.

విశ్వనాథం: ఆయన వంట చెయ్యడు, వండింది ఖాళీ చేస్తాడు. అబ్బ, ఎస్వీ రంగారావు నడక చూడవే. లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్లిపోవడం చూడు. 1957లో తీసింది! కంప్యూటరు లేదు, ఏమీ లేదు.

సుభద్ర: (పకపకా నవ్వుతూ) అయ్యో, పిచ్చి నాయనా...

విశ్వనాథం: లడ్డూలకి అంత నవ్వా?

సుభద్ర: లడ్డూలకి కాదండీ. పార్వతీశానికి. దొరల టోపీ అనుకుని దొరసాని టోపీ కొనుక్కున్నాడు. అది పెట్టుకుని ఊరేగుతున్నాడు. అందరూ తనని చూసి ముచ్చటపడుతున్నారనుకుంటున్నాడు. ఉండండి, ఈ పేరా చదువుతాను, వినండి.

విశ్వనాథం: ఇప్పుడు కాదే. ముందు నువ్వు ఇది చూడు.

సుభద్ర: ముందు మీరు ఇది వినండి.

విశ్వనాథం: నేను ఆ పుస్తకం ఎప్పుడో చదివాను.

(ఇక్కడ సుభద్రమ్మ గారు ఈనె తీయడం ఆపారు. ఒక్క క్షణమే. మళ్లీ తీయడం మొదలుపెట్టారు. ఆ క్షణం సంగతి తర్వాత చెబుతాను.)

సుభద్ర: ఓహో, చదివారా?

విశ్వనాథం: చదవకేం. బారిస్టర్ పార్వతీశం చదవనివాడు తెలుగువాడేనా? ఏడెనిమిదేళ్ల కిందట స్వరాజ్య మైదానంలో పుస్తకాల ప్రదర్శనకి వెళ్లి మోసుకొచ్చింది ఎవరనుకున్నావు?

సుభద్ర: మోసుకొచ్చింది మీరే. ఇన్నేళ్లూ మోసింది మాత్రం ఆవకాయ జాడీ. మూత లేచిపోకుండా బరువుకి పెట్టాను. మొన్న దించి దుమ్ము దులిపి, ఏముందో చూద్దామని తెరిస్తే వదిలిపెట్టలేకపోయాను. నాలుగు రోజుల్నుంచి ఇదే పని. ఇదిగో, ఇక్కడ పేజీ అంతా నూనె మరక. ఓడలో గొడవంతా నూనెలోంచే చదివాను. బాగానే కనిపించింది.

విశ్వనాథం: సరే సరే. ఇప్పుడొచ్చే పడవ పాట చూడు.

సుభద్ర: ఘటోత్కచుడి తర్వాత పడవ పాటేమిటండీ? అది ముందే కదా?

విశ్వనాథం: వెనక్కి తిప్పాను. నీకోసం. ఈ వెన్నెల చూశావా? ఇదంతా నిజం వెన్నెలనుకుంటున్నావు కదూ?

సుభద్ర: అనుకోవడం లేదు.

విశ్వనాథం: కాదు! మార్కస్ బార్ట్లీ అని కెమెరామన్...

సుభద్ర: (పప్పు కడుగుతున్నంత మామూలుగా) ...పనితనం. ఆయన వెలిగించిన వెన్నెల. కె.వి. రెడ్డి దర్శకత్వం. పింగళి మాటలు. ఇంత పెద్ద కథలో పాండవులు ఒక్కరు కూడా తెరమీద కనిపించరు. ఇంకేమైనా మిగిలిందా?

విశ్వనాథం: (ముఖం చిన్నబోయి) అది నేనే చెప్పానా నీకు?

సుభద్ర: పెళ్లయిన మూడో నెలలో మొదటిసారి చెప్పారు. తర్వాత లెక్క తప్పింది. పాండవులు లేకుండా మూడు గంటల సినిమా తీశాడండీ ఆయన. మీరు మాట్లాడకుండా మూడు నిమిషాలు చూడలేరు.

విశ్వనాథం: చెబితే తప్పా? బాగున్నది నలుగురితో పంచుకోవాలి.

సుభద్ర: నలుగురితో పంచుకోండి. నా ఒక్కదానికే నాలుగు వాటాలూ పెడతారేం?

విశ్వనాథం: నీకు రసికత లేదే. ప్రతిసారీ ఘటోత్కచుడు రాకముందే నిద్రపోతావు. ముప్పై ఏళ్లనుంచి చూస్తున్నాను, ప్రియదర్శిని పెట్టె తెరిచేసరికి నీ కళ్లు మూతపడతాయి. ఆ తర్వాత కథ నీకసలు తెలియనే తెలియదు.

సుభద్ర: ఏం చేస్తాం, పొద్దున్నే లేచే ప్రాణం.

విశ్వనాథం: ప్రియదర్శిని అంటే గుర్తొచ్చింది. అది తెరిస్తే ఎవరికి ఇష్టమైంది వాళ్లకి కనిపిస్తుంది కదా. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు. కృష్ణుడికి శకుని కనిపించాడు. ఆలోచించు, నువ్వు తెరిస్తే నీకెవరు కనిపిస్తారు?

(ఆయన గొంతులో కాస్త ఆశ ఉందని మా ఆవిడ అంటుంది. టీవీ సౌండు కూడా తగ్గించారట.)

సుభద్ర: ఇప్పుడా?

విశ్వనాథం: ఇప్పుడే. ఈ నిమిషంలో.

సుభద్ర: గ్యాసబ్బాయి. భుజం మీద సిలిండరుతో.

విశ్వనాథం: (టీవీ సౌండు పెంచి) నిన్ను అడగడం నాదే తప్పు. నాకేమైనా తినడానికి పెట్టు. టీ ఎలాగూ లేదుగా.

సుభద్ర: జంతికలున్నాయి. అటక మీద పెద్ద డబ్బాలో.

విశ్వనాథం: అటక మీద ఎందుకు పెట్టావు?

సుభద్ర: మీకు అందకూడదని. ఇప్పుడు నా చేతులు ఖాళీగా లేవు. ఎత్తుపీట వేసుకుని మీరే దించుకోండి.

(విశ్వనాథం గారు వంటింట్లోకి వెళ్లారు. అది వాళ్ల అత్తగారి కాలం నాటి టేకు పీట. ఒక కోడు కాస్త పొట్టి. ఎక్కినవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడితే ఏమీ కాదు. దగ్గితే కష్టం. ఆయన ఎక్కి, రెండు చేతులూ పైకి చాచి డబ్బా పట్టుకున్నారు. అటకనిండా సామాను. డబ్బా సగం బయటికొచ్చి ఇత్తడి గంగాళానికి అడ్డం పడింది. ఇప్పుడు వదిలితే నెత్తిన పడుతుంది, లాగితే గంగాళం కూడా వస్తుంది. సుభద్రమ్మ గారు చేతులు తుడుచుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, తీరిగ్గా వంటింటి గుమ్మంలోకి వచ్చారు.)

విశ్వనాథం: చూస్తావేమే? పీట పట్టుకో!

సుభద్ర: పట్టుకుంటాను. ముందు మూడు ప్రశ్నలు. పార్వతీశం ఏ ఊరివాడు?

విశ్వనాథం: ఇదేం పరీక్షే, నడి అటక మీద! నరసాపురం!

సుభద్ర: మొగల్తూరు. నరసాపురం చదువుకున్న ఊరు. బారిస్టరు చదువుకి బయల్దేరినప్పుడు స్టేషన్లో తల్లిదండ్రులు ఏమన్నారు?

విశ్వనాథం: ఏమంటారు... ఏడ్చి ఉంటారు. జాగ్రత్త నాయనా అని ఉంటారు.

సుభద్ర: ఇంట్లో చెప్పకుండా వెళ్లాడు.

విశ్వనాథం: (పీట కిర్రుమంది) అమ్మో! సుభద్రా, పట్టుకోవే!

సుభద్ర: ఆఖరిది. కథ ఎక్కడ ముగుస్తుంది?

విశ్వనాథం: లండన్ చేరడంతో! ఇది మాత్రం తెలుసు. అందరికీ తెలుసు!

సుభద్ర: అందరికీ తెలిసిందల్లా మొదటి భాగం. అది 1924 నాటిది. ఆ తర్వాత ఇంకో రెండు భాగాలున్నాయి. ఎడింబరోలో చదువుంది, తిరిగి రావడం ఉంది. మూడూ కలిపే ఉన్నాయి మీరు కొనుక్కొచ్చిన పుస్తకంలో. ఇప్పుడు చెప్పండి. మీరు నిలబడింది సత్యపీఠం అనుకోండి. దాని మీద నిలబడి శకుని అంతటివాడే నిజం కక్కాడు. చదివారా, లేదా?

విశ్వనాథం: మొదలు... మొదలుపెట్టాను.

సుభద్ర: ఎన్ని పేజీలు?

విశ్వనాథం: ఓ వంద.

(సుభద్రమ్మ గారు పుస్తకం తెరిచి, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం బయటికి తీశారు. ఇందాక ఈనె ఆగిపోయిన క్షణం గుర్తుందా? దాని సంగతి ఇదే.)

సుభద్ర: కరెంటు బిల్లు. 2018 మార్చి. చదివినంతవరకు గుర్తుగా పెట్టుకున్నారు. ఏ పేజీలో ఉందో తెలుసా? పద్దెనిమిది.

విశ్వనాథం: చదవలేదు! చదవలేదే తల్లీ! ముందుమాటతో కలిపి పద్దెనిమిది పేజీలే చదివాను! అందరూ గొప్పగా చెబుతుంటే నేనూ చెప్పాను! పీట పట్టుకో!

(ఆవిడ ఒక చేత్తో పీట, ఇంకో చేత్తో డబ్బా అంచు పట్టుకున్నారు. ఆయన దిగారు. చెమట తుడుచుకున్నారు. ఒక జంతిక నోట్లో వేసుకున్నారు. సగం నమిలి ఆగిపోయారు.)

విశ్వనాథం: ఒక్క నిమిషం. సత్యపీఠం అన్నావేం?

సుభద్ర: అన్నాను.

విశ్వనాథం: శకుని దాని మీద నిలబడి నిజం చెప్పేశాడన్నావు.

సుభద్ర: జంతికలు మెత్తబడ్డాయా?

విశ్వనాథం: అది సినిమా చివర్లో కదే వచ్చేది! ప్రియదర్శిని దగ్గరే నిద్రపోయేదానికి ఆ సంగతి ఎలా తెలుసు? ఎక్కు. నువ్వు ఎక్కు పీట!

సుభద్ర: నేనెందుకు, నాకు మోకాళ్ల నొప్పి.

విశ్వనాథం: అటక అవసరం లేదు. ఊరికే నిలబడు. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కింది ఎవరు?

సుభద్ర: (పీటెక్కి, అలమర పట్టుకుని) శశిరేఖ.

విశ్వనాథం: హమ్మయ్య. తెలియదు.

సుభద్ర: శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. అసలు శశిరేఖకి అక్కడ అభిమన్యుడితో పెళ్లి జరుగుతుంటుంది. ఇక్కడ సావిత్రి మగవాడి వేషంలో ఉన్న ఆడది కాదు, ఆడదాని వేషంలో ఉన్న మగవాడు. పిలవగానే సిగ్గుపడుతుంది, సిగ్గుపడుతూ ఉండగానే ఒక్క చూపు చూస్తుంది, రాక్షసుడు కనిపిస్తాడు. నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడటంలో కూడా రంగారావు దిగిపోతాడు ఆవిడలోకి. మీరేమో లడ్డూలు లడ్డూలు అంటారు. ఆ అమ్మాయి చేసిన పని లడ్డూలు ఎగరడం కంటే వింత కాదూ?

(విశ్వనాథం గారికి మాట రాలేదు. ముప్పై ఏళ్లలో ఆయనకి తోచని సంగతి అది. నాకూ తోచలేదు, గోడ ఇవతల.)

విశ్వనాథం: ఎప్పుడు చూశావు?

సుభద్ర: మీరు ఆడిట్లకి ఊళ్లు తిరిగేటప్పుడు. కాకినాడ మీ తమ్ముడింటికి వెళ్లినప్పుడు రెండుసార్లు. ఆ రంగులు వేసింది 2010లో వచ్చింది కదా, అది మా చెల్లెలితో హాల్లో చూశాను. మీకు గుడికని చెప్పాను.

విశ్వనాథం: మరి నా పక్కన కూర్చుంటే నిద్రెందుకే?

సుభద్ర: నిద్ర కాదండీ. కళ్లు మూసుకుంటేనైనా చెప్పడం మానేస్తారని. మానలేదు. నిద్రపోతున్నదానికి కూడా చెప్పారు. రంగారావు నోరు తెరవకముందే మీ నోట్లోంచి ఆయన మాట వచ్చేస్తుంది. నాకేమో ఒక్కసారి ఆయన నోట్లోంచి వినాలని ఉంటుంది.

(గడియారం చప్పుడు. జంతిక నమలడం పూర్తయింది.)

విశ్వనాథం: మరి పొద్దున్నుంచీ నువ్వు చేసిందేమిటి?

సుభద్ర: నేనేం చేశాను?

విశ్వనాథం: కాఫీ దగ్గర ఓడ ఎక్కించావు. ఇడ్లీ దగ్గర జుట్టు కత్తిరించావు. ఇందాక టోపీ పెట్టావు. ఇప్పుడు ఎడింబరో కూడా చూపించేశావు. ఇక నేను చదవడానికి ఏం మిగిలిందే, కరెంటు బిల్లా?

సుభద్ర: (పీట మీదే నిలబడి) అవునా? అంత చెప్పేశానా?

విశ్వనాథం: సత్యపీఠం మీద ఉన్నావు. నువ్వే చెప్పు.

సుభద్ర: చెప్పాను. బాగుంటే నోరు ఆగలేదు.

విశ్వనాథం: ఇటివ్వు ఆ పుస్తకం. బాల్కనీలో కూర్చుంటాను. తలుపు వేసుకుంటాను. ఒక్క మాట చెప్పావంటే మళ్లీ మాయాబజార్ మొదటినుంచి పెడతాను.

సుభద్ర: నేను టీవీ చూసుకోవచ్చా?

విశ్వనాథం: సౌండు పెంచుకో కూడా.

(ఆయన పుస్తకం తీసుకుని, పద్దెనిమిదో పేజీ దగ్గర బిల్లు తీసి జేబులో పెట్టుకుని, బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఇరవై నిమిషాలు ఇల్లు ఇల్లంతా నిశ్శబ్దం. మాకే అనుమానం వచ్చింది. అప్పుడు బాల్కనీలోంచి ఒక నవ్వు. ఆగింది. మళ్లీ నవ్వు, ఈసారి కుర్చీ కూడా కిచకిచలాడింది.)

సుభద్ర: (తలుపు దగ్గర చెవి పెట్టి) ఏవండీ, ఎక్కడున్నారు?

విశ్వనాథం: బాల్కనీలో.

సుభద్ర: అది కాదు, కథలో. టోపీ వచ్చిందా?

విశ్వనాథం: వెళ్లవే!

సుభద్ర: టోపీ అయిపోతే ఒక సంగతి...

విశ్వనాథం: రిమోటు ఎక్కడుంది?

సుభద్ర: చెప్పను, చెప్పను. మూడో భాగంలో జైలు సంగతి మాత్రం అస్సలు చెప్పను.

విశ్వనాథం: సుభద్రా!!

(కాలింగ్ బెల్ మోగింది. కింద ఆటో చప్పుడు. మెట్ల మీద ఇనుము ఖంగుమన్న శబ్దం.)

గొంతు: అమ్మా, గ్యాస్!

విశ్వనాథం: (తలుపు సందులోంచి) వెళ్లి తలుపు తియ్యి. ప్రియదర్శిని తెరుచుకుంది.