గుడ్డుకీ అమెరికా సంబంధమే

ఆదివారం పొద్దున పటమట రైతుబజారు దగ్గర ఒక పెద్దావిడ, ఊక పోసిన గంపలో గోధుమరంగు గుడ్లు పేర్చుకుని కూర్చుంది. "నాటు గుడ్లు బాబూ, మా పెరట్లో కోళ్లవే" అంది. అచ్చులో పోసినట్టు అన్నీ ఒకే సైజు. ఎన్ని కోళ్లున్నాయమ్మా అంటే, నాలుగంది. గంపలో రెండొందలకి తక్కువ లేవు. మన నాటు పెట్టేమో దఫాకి పన్నెండో పదిహేనో పెట్టి పొదగడానికి కూర్చుంటుంది, ఇక దాని జోలికి వెళ్తే పొడుస్తుంది. అయినా నేను లెక్క అడగలేదు. తెల్ల గుడ్డుకి రెట్టింపు ఇచ్చి డజను తెచ్చుకున్నాను. రంగు చూసి సంబంధం ఖాయం చేసుకోవడం మనకి కొత్తా?

సంబంధమన్నాక వంశం విచారించాలి. గోధుమ గుడ్లు పెట్టే ఫారం కోళ్లలో చాలావాటికి తండ్రివైపు వంశం రోడ్ ఐలాండ్ రెడ్ అనే కోడి జాతి. గోత్రం తండ్రిదే కాబట్టి ఇది నికార్సైన అమెరికా గోత్రం. స్వగ్రామం అక్కడి రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని లిటిల్ కాంప్టన్. 1854లో విలియం ట్రిప్ అనే ఓడ కెప్టెన్ ఒక నావికుడి దగ్గర మలయా పుంజును కొని, ఊళ్లో పెట్టల మధ్య వదిలాడని చెప్పుకుంటారు. తర్వాత షాంఘై, లెగ్‌హార్న్ కోళ్ల రక్తాలూ కలిశాయి. తాతది ఆసియా, మనవడు అమెరికా పౌరుడు. 1904లో అక్కడి కోళ్ల సంఘం దీన్ని జాతిగా గుర్తించింది. గ్రీన్‌కార్డు టెన్షన్ లేని ఇలాంటి బయోడేటా గుంటూరు బ్రాడీపేటంతా గాలించినా దొరకదు.

పిల్ల ముదురు ఎరుపు. పుంజు నాలుగు కిలోలకి దగ్గర, పెట్ట మూడు. ఏడాదికి రెండొందలకి పైగా గుడ్లు, అవి తగ్గాక కూర. మనం ఒక్క దెబ్బకి రెండు పిట్టలంటాం, వాళ్లు ఒకే పిట్టకి రెండు దెబ్బలు వేశారు.

పాపభీతి కాబోలు, 1925లో లిటిల్ కాంప్టన్ పరిధిలోని ఆడమ్స్‌విల్‌లో దానికి స్మారకం కట్టారు, 1954లో రోడ్ ఐలాండ్ రాష్ట్ర పక్షిని చేశారు. మన రాష్ట్ర పక్షి రామచిలుక. అట్టుకి పనికిరాదు, పులుసుకి పనికిరాదు. విగ్రహం లేని సెంటర్ కోసం వెతుక్కోవాల్సిన బెజవాడలో కోడికి మాత్రం చోటు లేదు.

ఇంటికొచ్చి అట్టు వేస్తూ పెంకు లోపల చూశాను. తెల్లగా ఉంది. గోధుమరంగంతా చివర్లో పడిన పైపూత. పోషకాలకీ దానికీ సంబంధం లేదు. "లోపల రెండూ ఒకటేనే" అన్నాను మా ఆవిడతో.

"మరి రెట్టింపు దేనికిచ్చారు?"

"గోత్రానికి."