ఐరీన్ మనసులోకి కెమెరా వెళ్లొచ్చా?

2025లో బ్రిటన్‌లోని ఛానల్ 5 ఫోర్సైట్ కుటుంబాన్ని మళ్లీ బుల్లితెర మీదకు తెచ్చింది. 1967లో బీబీసీ, 2002లో గ్రనడా సంస్థ ఇదే కథతో పెద్ద సీరియళ్లు తీశాయి. ఈ కథ రాసిన జాన్ గాల్స్‌వర్తీ అంటే మన దగ్గర ఇంగ్లిష్ లిటరేచర్ చదివిన పాతతరానికి నాటకాలే ఎక్కువ గుర్తు. ‘జస్టిస్’, ‘స్ట్రైఫ్’ చాలాకాలం సిలబస్‌లలో ఉండేవి. 1932లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది మాత్రం ఈ కుటుంబ కథే. లండన్‌లో బాగా డబ్బున్న ఒక పెద్ద కుటుంబం, వాళ్ల ఇళ్లు, షేర్లు, వీలునామాలు, కోర్టు కేసులు: మొదటి ఆరు నవలల్లో 1886 నుంచి 1926 దాకా నలభై ఏళ్ల వ్యవహారం.

కొత్త సీరియల్ వచ్చిన ప్రతిసారీ ఒకటే గొడవ. నవలలో ఉన్నవి తీసేశారు, లేనివి ఇరికించారు అంటారు. ఆరు నవలల్ని తెరకెక్కిస్తూ ఏదీ తీసేయకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. తొలి నవల మొదటి అధ్యాయంలోనే ఒక నిశ్చితార్థం విందు. పాతతరం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే పదిమంది. వాళ్లకు పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు. చదివేవాడికి అనుమానమొస్తే పుస్తకం మొదట్లో అచ్చేసిన వంశవృక్షం చూసుకుంటాడు. టీవీ ముందు కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే 1967లో బీబీసీ వాళ్లు 1886తో కాకుండా 1879తో మొదలుపెట్టారు. నవలలో గతంగా మాత్రమే తెలిసే సంగతిని, అంటే జోలియన్ భార్యను వదిలి పిల్లల గవర్నెస్‌తో వెళ్లిపోవడాన్ని ముందే చూపించారు. మంచి పని చేశారు. ఇలాంటి మార్పుల మీద నాకు పేచీ లేదు.

అసలు చిక్కు ఐరీన్ దగ్గర వస్తుంది.

1906లో వచ్చిన ‘ది మ్యాన్ ఆఫ్ ప్రాపర్టీ’లో సోమ్స్ ఫోర్సైట్ సొలిసిటర్, అంటే లాయరు. పెయింటింగ్‌లు కొంటాడు, ధర పెరుగుతుందా లేదా చూసుకుంటాడు. భార్య ఐరీన్ గొప్ప అందగత్తె. అతను దగ్గరికొస్తేనే ఆమెకు ఏవగింపు. ఆమెను లండన్ పరిచయాలకు దూరంగా ఉంచుదామని రాబిన్ హిల్‌లో ఇల్లు కట్టిస్తాడు. ఆ ఇంటి ఆర్కిటెక్ట్ బోసినీనే ఐరీన్ ప్రేమిస్తుంది. ఇంత జరిగినా రచయిత ఒక్కసారి కూడా ఆమె ఆలోచనల్లోకి వెళ్లడు. భర్త చూసిన ఐరీన్, పెద్ద జోలియన్ (గవర్నెస్‌తో వెళ్లిపోయిన జోలియన్ తండ్రి) చూసిన ఐరీన్, బంధువులు చెవులు కొరుక్కునే ఐరీన్ మాత్రమే మనకు దొరుకుతుంది. ఇది కావాలని చేసిందే. 1922లో మూడు నవలల్ని ఒకే సంపుటిగా వేసినప్పుడు ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు, ఇతర పాత్రల ఇంద్రియాల ద్వారా తప్ప ఐరీన్ ఎక్కడా నేరుగా ఉండదని. ఐరీన్‌కు మూలం ఎవరో కూడా రహస్యమేమీ కాదు. గాల్స్‌వర్తీ భార్య ఏడా అంతకుముందు ఆయన కజిన్ ఆర్థర్ భార్య. దాదాపు పదేళ్లు చాటుగా సాగిన ఆ ప్రేమ, గాల్స్‌వర్తీ తండ్రి పోయాకే 1905లో పెళ్లిదాకా వచ్చింది. తను ప్రేమించిన మనిషి పడ్డ బాధను ఆమె గొంతుతో రాయడానికి ఆయనకు మనసొప్పలేదేమో అనిపిస్తుంది నాకు.

కాగితం మీద ఈ పద్ధతి చక్కగా నడిచింది. తెర మీద కష్టం. నటి వచ్చి నిలబడగానే ఆమెకు కళ్లున్నాయి, గొంతుంది. ఇష్టం లేనివాణ్ణి ఎందుకు చేసుకుంది, ఇన్నాళ్లు ఎందుకు ఉంది అని ప్రేక్షకులు నిలదీస్తారు. 1949లో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం సినిమా తీసినప్పుడు గ్రీర్ గార్సన్‌ను పెట్టి ఐరీన్‌నే కథానాయికను చేసేసింది. సోమ్స్‌గా ఎరోల్ ఫ్లిన్, కత్తియుద్ధాల హీరో! 1967లో నైరీ డాన్ పోర్టర్ ఐరీన్‌ను చాలావరకు అందమైన మౌనంగానే ఉంచింది. 2002లో జీనా మెకీ ముఖంలో ఏదీ తేలిగ్గా పలకదు. ఆమె మరీ చల్లగా ఉందనే మాట వినిపిస్తుంటుంది గానీ, నా దృష్టిలో ముగ్గురిలో నవలకు దగ్గరగా వచ్చింది ఆవిడే. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె ముఖంలో తమకు కావలసింది చదువుకుంటారు, మనమూ అంతే.

ఇక ఆ రాత్రి సంగతి. సోమ్స్ భార్యను బలవంతం చేస్తాడు. నవల ఆ గదిలోకి వెళ్లదు. మర్నాడు పొద్దున సోమ్స్ ఒక్కడే కూర్చుని బ్రేక్‌ఫాస్ట్ చేస్తుంటాడు, రాత్రి ఆమె ఏడ్చిన చప్పుడు అతని చెవుల్లోంచి పోదు. భర్తగా తన హక్కు వాడుకున్నాడని కథనం వ్యంగ్యంగా ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. బీబీసీ దాన్ని తెర మీద చూపించింది. సోమ్స్‌గా ఎరిక్ పోర్టర్ నటించిన ఆ ఘట్టం మీద ఇళ్లల్లో వాదనలు జరిగాయి, అతని పక్షం మాట్లాడినవాళ్లూ ఉన్నారు. అప్పటికి ఇంగ్లండ్ చట్టం దృష్టిలో అది నేరమే కాదు. భార్య మీద భర్త చేసినా అత్యాచారమేనని అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది 1991లో. కాబట్టి 2002లో డేమియన్ లూయిస్ అదే సీన్ చేసేటప్పటికి చూసేవాళ్ల కాళ్ల కింద నేల మారిపోయింది. మన దగ్గర ఇంకా మారలేదు. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ భర్తకు మినహాయింపు అలాగే ఉంది. 2022లో ఢిల్లీ హైకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు, విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ఈ కథను పాత ఇంగ్లండ్ ముచ్చటగా చూసి పక్కన పెట్టేసే వీలు మనకు లేదు.

ఇక్కడే నాకు సీరియల్ రచయితల మీద ఒక ఫిర్యాదు. ప్రేమకథకు ఇచ్చే చోటు దావాకు ఇవ్వరు. ఇంటి ఖర్చు ఒప్పుకున్నదానికంటే పెరిగిందని సోమ్స్ 350 పౌండ్ల కోసం బోసినీని కోర్టుకు ఈడుస్తాడు. అతనికి ఆ డబ్బు ఒక లెక్క కాదు. భార్య మనసు మీద దావా వేయలేడు, కనుక బిల్లు మీద వేస్తాడు. విచారణకు బోసినీ రాడు. తీర్పు సోమ్స్ పక్షానే వస్తుంది. ఐరీన్ నోట ఆ రాత్రి సంగతి విన్న బోసినీ మతిపోయినవాడిలా పొగమంచులో తిరుగుతూ బండి కింద పడి చనిపోతాడు. గట్టు తగాదాకు పొలం అమ్మి లాయర్లకు పోసినవాళ్లు మన ఊళ్లలో ఎందరు లేరు? ఈ కేసు ఎంత ముఖ్యమో తెలుగు ప్రేక్షకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు. నవల పేరే ‘ఆస్తిపరుడు’ అయినప్పుడు కేసును రెండు నిమిషాల్లో తేల్చేస్తే మిగిలేది మామూలు ముక్కోణపు ప్రేమకథే.

1967 సీరియల్ ఇప్పటికీ ఎందుకు నిలిచిందంటే, నా సమాధానం దాని నిడివి. నిర్మాత డొనాల్డ్ విల్సన్ ఏళ్ల తరబడి వెంటపడి, హక్కులున్న ఎంజీఎంతో కలిసి, గాల్స్‌వర్తీ శతజయంతి ఏడాదిలో 26 ఎపిసోడ్లు ప్రసారం చేయించాడు. అంతా బ్లాక్ అండ్ వైట్. అది అయిపోయే వేళకే బీబీసీ 2లో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. 1968లో బీబీసీ 1 ఆదివారం సాయంత్రాల్లో మళ్లీ వేసినప్పుడు చర్చిలు ప్రార్థన వేళలు మార్చుకున్నాయని చెబుతారు. చివరి భాగాన్ని సుమారు 1.8 కోట్ల మంది చూశారు. సోవియట్ యూనియన్ కూడా కొనుక్కుంది. అమెరికాలో దాని ఆదరణ చూసే, బ్రిటిష్ సీరియళ్లు చూపించే ‘మాస్టర్‌పీస్ థియేటర్’ అనే టీవీ కార్యక్రమం అక్కడ పుట్టింది.

ఆ 26 వారాల్లో ఎరిక్ పోర్టర్ మన కళ్ల ముందే ముసలివాడయ్యాడు. మొదటి వారాల్లో అసహ్యించుకున్న మనిషే కూతురు ఫ్లర్ కోసం తల్లడిల్లుతుంటే చూస్తాం. సోమ్స్ మీద పాఠకులకు జాలి పెరుగుతోందని, అలా జాలిపడి రచయితకు ఎదురు తిరుగుతున్నామని వాళ్లు అనుకుంటున్నారని గాల్స్‌వర్తీ ముందుమాటలో రాశాడు. అదేం లేదు, తనకూ ఆ జాలి ఉందని అంటాడు. ఆ జాలి పుట్టాలంటే కాలం గడవాలి. ప్రేక్షకుడి ఇంట్లో కూడా ఆర్నెల్లు గడవాలి. చేసిన నేరాన్ని అది చెరిపేస్తుందా అంటే నేను ఒప్పుకోను. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని ఒప్పించడమే ఈ కథ సాధించింది.

అందుకే గ్రనడా సీరియల్ రెండు విడతల్లో మొదటి మూడు నవలలతో ఆగిపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. డెబ్బీ హార్స్‌ఫీల్డ్ రాసిన 2025 సీరియల్ స్త్రీ పాత్రలను బాగా ముందుకు తెచ్చింది. కాలానికి తగ్గ నిర్ణయమే. కానీ ఐరీన్‌కు సొంత గొంతు వచ్చాక, సోమ్స్‌ను కూడా చివరిదాకా, 1926లో తన చిత్రాల గదికి నిప్పంటుకుని పడిపోతున్న పటం కింద నుంచి కూతుర్ని తోసేసి తాను దెబ్బతిని చనిపోయేదాకా తీసుకెళ్లాలి. రచయిత పోయి తొంభై ఏళ్లు దాటింది, హక్కుల అడ్డంకి కూడా లేదు. రెండో సంపుటిలోని మూడు నవలలు ఎవరైనా తీసుకోవచ్చు.