సవరణ: గ్రైండర్ పనికి గ్లోవ్స్ చాలవు

తాళ్ళరేవు వైపు పడవల షెడ్డులో గ్రైండర్ పట్టే కార్మికుడికి కంపనం వల్ల చేతి నరాలు దెబ్బతిన్నాయని డాక్టర్లు తేల్చిన సంగతి మొన్న రాస్తూ, మిగతావాళ్ళకు గ్లోవ్స్ ఇస్తే చాలన్నాను. అది తప్పు. బ్రిటన్ భద్రతా మార్గదర్శకాల ప్రకారం గ్లోవ్స్ చేతిని వెచ్చగా ఉంచుతాయి గానీ కంపనాన్ని తగ్గిస్తాయని నమ్ముకోకూడదు. ఒకరికి జబ్బు తేలితే అదే పని చేసే అందరి ప్రమాదాన్నీ మళ్ళీ అంచనా వేయాలి.

అక్కడ చేతికి తగిలే కంపన తీవ్రత రోజుకు 8 గంటల సగటున, సెకను వర్గానికి 2.5 మీటర్లకు (m/s²) చేరితే చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. కంపనం 5 ఉన్న పనిముట్టును రోజుకు 2 గంటలు పట్టుకుంటేనే ఆ 2.5 వచ్చేస్తుంది. 10 అయితే అరగంట చాలు!

ఈ జబ్బు లక్షణాల్లో ఒకటైన వేళ్ళు తెల్లబడటం ఎక్కువగా చలిలో కనబడుతుంది. మన ఉక్కలో అది కనబడలేదు కాబట్టి జబ్బు లేదని ధీమా వద్దు. తిమ్మిరి ఉందా, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా అని పనివాళ్ళని అడగండి.