అమ్మాయి మాట్లాడొచ్చు, మాట తనది కాకుంటే చాలు

స్త్రీ నలుగురిలో నోరెత్తితే ఎంత అనర్థమో అమెరికాలోని మసాచుసెట్స్ పాస్టర్లు 1837లోనే ఒక లేఖ రాసి మరీ హెచ్చరించారు. ఆడది తీగ, పందిరిని పట్టుకుని ఉన్నంతకాలమే కాయలు కాస్తుంది, తానే చెట్టునంటే మట్టిలో పడి పరువు పోగొట్టుకుంటుంది అని దాని సారాంశం. బానిసత్వం పోవాలని ఊరూరా ఉపన్యాసాలిస్తున్న గ్రిమ్కే అక్కచెల్లెళ్లకు తగలాలనే ఆ విసురు. ఎంత ముందుచూపు! సరిగ్గా పదేళ్లకు, 1847లో, ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో లూసీ స్టోన్ డిగ్రీ పూర్తి చేసింది. పట్టాల పండగ రోజున నీ వ్యాసం నువ్వు చదవకూడదమ్మా, ప్రొఫెసర్ గారు చదివిపెడతారు అన్నారు. శ్రమ తప్పిందని సంతోషించాలా వద్దా? అయితే అసలు రాయనే రాయనని కూర్చుందావిడ. ఆడపిల్లలకు చదువు చెప్పిస్తే వచ్చే చిక్కే ఇది.

కానీ చదువు ఆగలేదు. అమ్మాయిలకు గొంతుంది, చేతులున్నాయి, డబ్బున్న ఇళ్లలో మధ్యాహ్నాలన్నీ ఖాళీ. నాటకాల్లోకి పంపుదామంటే పరువు తక్కువ. అప్పుడు పెద్దలు ఆమోదించిన ఉపాయాన్ని విద్యుద్దీపం పక్కన పెట్టి పూజించాలని నా అభిప్రాయం. దాని పేరు ఎలక్యూషన్. సొంత అభిప్రాయం చెబితే బరితెగింపు, ఇంకెవరో రాసిన పద్యాన్ని కళ్లు తిప్పుతూ అప్పజెబితే సంస్కారం. చర్చి హాల్లో చెబితే పుణ్యం కూడా.

ఆ రోజుల్లో వేదికలెక్కిన ఒక పద్యం ఉంది, ‘కర్ఫ్యూ మస్ట్ నాట్ రింగ్ టునైట్’. 1867లో మిషిగన్‌లో రోజ్ హార్ట్‌విక్ అనే స్కూలు పిల్ల రాసింది. కథ ఇంగ్లండ్‌లో, రాజును దించి క్రామ్వెల్ ఏలిన పదిహేడో శతాబ్దంలో. సాయంత్రం గంట మోగగానే బెస్సీ ప్రియుడికి మరణశిక్ష. గంట కొట్టొద్దని బతిమాలితే ముసలాయన డ్యూటీ డ్యూటీయే అంటాడు. బెస్సీ గోపురమెక్కి గంట నాలుకను రెండు చేతులతో పట్టుకుని ఊగుతుంది. ముసలాయనకు చెవుడు, గంట మోగిందనే అనుకుంటాడు. చెప్పే అమ్మాయి కూడా చేతులు పైకెత్తి, లేని గంటకు వేలాడుతూ అటూ ఇటూ ఊగాలి. ముందు వరసలో పెద్దమనుషులు కళ్లు తుడుచుకుంటారు. ఒక ఆడపిల్ల ప్రభుత్వ ఆజ్ఞను ధిక్కరించి, గోడలెక్కి, శిక్షను ఆపేసిందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. ప్రాసలో ఉంది కదా! ఇంటికెళ్లాక ‘నాన్నా, నాకూ ఓటు కావాలి’ అనకపోతే చాలు.

ఇక చేతులూ కాళ్ల సంగతి. ఫ్రాంస్వా డెల్‌సార్ట్ అనే పారిస్ గాయకుడు, గురువులు పాఠాలు సరిగ్గా చెప్పక గొంతు పోగొట్టుకున్నాడు. గొంతు లేనివాడికి ఒంటి భాష మీద దృష్టి పడటంలో వింత లేదు. ఏ భావానికి ఏ అవయవం ఎలా కదులుతుందో సూత్రాలు కట్టాడు. 1871లో పోయాడు, అమెరికా గడ్డ మీద కాలు పెట్టనేలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న స్టీల్ మెకాయ్ నటుల కోసం ఆ విద్యను పట్టుకొస్తే, పెద్దింటి ఆడవాళ్లు నటుల చేతుల్లోంచి లాగేసుకున్నారు. 1885లో జెనివీవ్ స్టెబిన్స్ అనే అమెరికన్ టీచరు ఆ పద్ధతి మీద పుస్తకం అచ్చేసింది, మళ్లీ మళ్లీ అచ్చయింది.

ఆ పాఠాల్లో మొదటి మెట్టు నీరసం. ముందు వేళ్లు ప్రాణం లేనట్టు వేలాడేసి విదిలించాలి. తర్వాత మణికట్టు, ఆ తర్వాత ముంజేయి, తర్వాత చెయ్యంతా, మెడ, నడుము. ఫీజు కట్టి మరీ నీరసించడం నేర్చుకునేవాళ్లు. కాళ్లు నిలిపే తీరుకు తొమ్మిది భంగిమలు. తొమ్మిది అనగానే మనవాళ్లు ‘అదంతా నాట్యశాస్త్రం రాసిన భరతుడి దగ్గర కొట్టేసిందే’ అని ఫార్వర్డులు మొదలుపెడతారు, కాస్త ఆగండి. డెల్‌సార్ట్ లెక్కంతా క్రైస్తవుల త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) నుంచి వచ్చింది, మూడు మూళ్లు తొమ్మిది.

ఈ విద్యకు శిఖరం శిలాభంగిమలు. తెల్లటి గ్రీకు వస్త్రం కట్టుకుని, ముఖానికి తెల్ల పౌడరు పూసుకుని, ఒక విగ్రహంలోంచి ఇంకో విగ్రహంలోకి మెల్లగా కరిగిపోవాలి. మాట్లాడదు, గంతులెయ్యదు, రాయిలా నిలబడుతుంది. ఇంతకన్నా ఆదర్శ గృహిణి ఎక్కడ దొరుకుతుంది? ఒక్కటే ఇబ్బంది. నడుము సన్నగా కనపడాలని కట్టే కార్సెట్ బిగించుకున్న మనిషి నడుము వంచలేదు, ఊపిరి తీయలేదు. అందుకని విప్పేయమన్నారు. ఒకసారి ఊపిరి పీల్చడం అలవాటైన మనిషి దాన్ని ఎక్కడ ఆపుతుందో ఎవరికి తెలుసు? అదృష్టవశాత్తు వ్యాపారులు కుటుంబ వ్యవస్థను ఆదుకున్నారు. డెల్‌సార్ట్ పేరుతోనే కార్సెట్లు అమ్మారు.

విగ్రహం తెల్లగా ఉండాలన్న నియమం అందరికీ కలిసిరాలేదు లెండి. హెన్రియెటా వింటన్ డేవిస్ అనే నల్లజాతి నటి 1883లో వాషింగ్టన్‌లో తొలిసారి వేదికెక్కినప్పుడు ఆమెను సభకు పరిచయం చేసింది బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీదే పోరాడిన నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్. డేవిస్ షేక్‌స్పియర్‌ను కంఠతా పట్టిన మనిషి. నల్లజాతి నటికి అలాంటి పాత్రలిచ్చే తెల్ల కంపెనీ లేదు కాబట్టి పాత్రలన్నీ ఒక్కతే చెప్పుకుంటూ ఊళ్లు తిరిగింది. హ్యాలీ క్విన్ బ్రౌన్ అనే ఇంకో నల్లజాతి మహిళ ఇదే విద్యతో ఇంగ్లండ్ దాకా వెళ్లింది, అప్పజెప్పడంతో ఆగకుండా సొంత ఉపన్యాసాలూ ఇచ్చింది. పద్యం పేరు చెప్పి లోపలికొచ్చినవాళ్లు ఆ తర్వాత ఏం మాట్లాడతారో చూసుకునే వ్యవస్థ లేకపోవడం ఘోరమైన లోపం.

విగ్రహాల విషయంలోనూ అంతే. స్టెబిన్స్ ప్రదర్శన చూస్తూ ఒక టీనేజీ అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ ఇంటికి పంపలేదు. ఆ అమ్మాయి తర్వాత పేరున్న నర్తకి అయిన రూత్ సెయింట్ డెనిస్. ఇండియా ముఖం చూడకుండానే 1906లో న్యూయార్క్‌లో ‘రాధ’ అని నృత్యం కట్టింది. మొదట గుడిలో విగ్రహంలా కదలకుండా కూర్చుంటుంది, చివర మళ్లీ పీఠమెక్కి విగ్రహమైపోతుంది. మర్యాదకు ఏ లోటూ రాలేదు. మధ్యలో కాసేపు కిందికి దిగి, ఉత్తకాళ్లతో పంచేంద్రియాలకూ తలా ఒక నాట్యం చేసింది, జనం టికెట్లు కొన్నది ఆ కాసేపటి కోసమే.