సొరచేపకి పన్ను కట్టారా?

తెలుగులో పన్ను అంటే నోట్లో ఉండేది, ప్రభుత్వానికి కట్టేది కూడా. ఈ రెండింటికీ ఒకే మాట పెట్టిన పెద్దాయన ఎవరో గానీ, ఎప్పుడో ఒకసారి సముద్రంలో సొరచేపని దగ్గరగా చూసే ఉంటాడని నా అనుమానం. లేకపోతే ఇంత కచ్చితంగా కుదరదు.

నేను ఎడిలైడ్‌లో పదకొండేళ్లుగా జనం పన్నుల లెక్కలు చూసి బతుకుతున్నాను. కాబట్టి సొరల గురించి రాసే అర్హత నాకుందని మనవి. ఇప్పటిదాకా వాటి మీద రాసినవాళ్లంతా జీవశాస్త్రం వాళ్లో, సినిమావాళ్లో. ఆ చేప అసలు ఏ శాఖ ఉద్యోగో వాళ్లలో ఒక్కరూ గుర్తించలేదు. గుర్తించింది ఇక్కడి వేటగాళ్లే. సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి, ఈటె విసిరే స్పియర్‌గన్‌తో చేపల్ని కొట్టే ఆస్ట్రేలియావాళ్లు సొరని ‘ట్యాక్స్‌మ్యాన్’ అంటారు. కొట్టిన చేపని సొర లాక్కుపోతే ట్యాక్స్ కట్టామనుకుని ఇంటికి పోతారు. ఎంత సంస్కారం! మనకైతే ఆ శాఖవాళ్లు గుమ్మంలోకి వచ్చారంటే చాలు, వెంటనే గుండెనొప్పి వస్తుంది.

శాఖ పనితీరు చూడండి. ముందు సమాచార సేకరణ. ఈటె దిగిన చేప గిలగిలా కొట్టుకుంటుంటే నీళ్లలో ఒక బొంగురు అదురు పుడుతుంది. సరిగ్గా అలాంటి చప్పుడే సొరకి చాలా దూరం నుంచి బాగా వినిపిస్తుంది. నెత్తురు వాసన సరేసరి. ఇక దగ్గరికొచ్చాక, దాని ముక్కు చుట్టూ జిగురు నిండిన సన్నటి రంధ్రాలుంటాయి. 1678లో లోరెంజినీ అనే ఇటలీ ఆయన వాటి గురించి వివరంగా రాశాడు, ఆయన పేరే వాటికి నిలిచిపోయింది. పక్క జీవి కండరం కదిలితే పుట్టే అతి చిన్న విద్యుత్తు కూడా వాటికి తెలుస్తుంది. అంటే మీకు ఆదాయం వచ్చిన క్షణమే శాఖకి తెలుసు. మీరు రిటర్న్ వేస్తారా లేదా అన్నది మీ తృప్తి కోసం.

తర్వాత వసూలు. చేప ఇంకా ఈటెకే ఉండగా కోత పడుతుంది. దీన్ని మా వృత్తిలో టీడీఎస్ అంటారు. సొర నోట్లో పళ్లు వరసల మీద వరసలుంటాయి. ముందుది ఊడితే వెనకది జరిగి ఆ చోటుకి వస్తుంది. అలా జీవితంలో వేల పళ్లు మారుస్తుంది. ఒక పన్ను ఎత్తేశామని చెప్పి ఆ స్థానంలో సెస్ తెచ్చిపెట్టే విద్య మన ప్రభుత్వాలు కనిపెట్టాయని కొందరు అనుకుంటారు గానీ, సొరలు దాన్ని దాదాపు 40 కోట్ల ఏళ్లుగా సాధన చేస్తున్నాయి.

నోటీసు కూడా ఇస్తాయండీ. పసిఫిక్ దిబ్బల దగ్గర తిరిగే గ్రే రీఫ్ షార్క్‌కి మనం దారి లేకుండా అడ్డుపడితే వీపు గూనిగా వంచి, పక్క రెక్కలు కిందికి దించి, ఒళ్లంతా విరుచుకుంటూ ఈదుతుంది. ఇక్కడి నుంచి పొమ్మని దాని అర్థం. అప్పుడు వెనక్కి తగ్గితే మాట అక్కడితో అయిపోతుంది. తగ్గకుండా వీడియో తీసేవాడి మీద, వాడి వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ ఆర్డరు వస్తుంది.

ఇంత చక్కటి శాఖతో మా కుటుంబానికి పరిచయం మా బామ్మర్ది వల్ల కలిగింది. పాలకొల్లు కుర్రాడు, ఇక్కడ ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉంటాడు. సంక్రాంతి రోజులు ఇక్కడ మండువేసవి. కోడిపందేలు లేని పండగ వాడికి ఎలా గడుస్తుంది? యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి స్పియర్‌గన్ కొన్నాడు. ఆపై వెట్‌సూటు, పొడుగాటి ఫిన్స్, బరువుల బెల్టు. చివరికి ఒక అయస్కాంతం కడియం. అది కట్టుకుంటే సొరలు దగ్గరికి రావట. దాన్ని ఆంజనేయస్వామి తోరం పక్కనే కట్టుకున్నాడు.

ఆ కడియం మాట ఒకటి చెప్పాలి. ఈ దక్షిణ ఆస్ట్రేలియాలోనే నెప్ట్యూన్ దీవుల దగ్గర శాస్త్రవేత్తలు సొరల్ని తరిమే సాధనాలు ఐదింటిని తెల్ల సొరల ముందు ఎర కట్టి పరీక్షించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. కరెంటు షాకు లాంటిది వదిలే ఒక సాధనం మాత్రం ఎర పోయే రేటుని 96 శాతం నుంచి 40కి దించింది. అయస్కాంతం కడియంతో సహా మిగతా నాలుగూ పెద్దగా చేసిందేమీ లేదు. అంటే నాలుగిట్లో ప్రతిదీ తాయెత్తే, ఉన్న ఒక్క మందూ పదిసార్లలో నాలుగుసార్లు పని చెయ్యదు. ఇదంతా చదివి వినిపిస్తే మా వాడు, “అయితే రెండు కడియాలు కట్టుకుంటాలే బావా” అన్నాడు.

వాణ్ణి ఒంటరిగా పంపడం ఇష్టం లేక మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ ప్లంబరుని బతిమాలాను. నలభై ఏళ్లుగా ఈ నీళ్లలో మునుగుతున్న మనిషి, రోజుకి పది మాటలు మించి మాట్లాడడు. ముగ్గురం తెల్లారి బయల్దేరి దక్షిణానికి పోతున్నాం. ఆల్డింగా బీచ్ బోర్డు కనపడగానే ప్లంబరు కిటికీలోంచి వేలు చూపించి “ఫాక్స్” అన్నాడు. పది మాటల్లో ఒకటి ఖర్చు.

రోడ్నీ ఫాక్స్ కథ ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1963 డిసెంబర్ 8న ఆల్డింగా దగ్గర స్పియర్‌ఫిషింగ్ పోటీలు. ఫాక్స్ ఒక చేపకి గురి పెడుతుండగా తెల్ల సొర వచ్చి ఛాతీని నోట కరుచుకుంది. పోట్లాడి విడిపించుకున్నాడు. అంతలో అది మళ్లీ వచ్చి, ఆయన కొట్టిన చేపలు కట్టి ఉన్న, నీళ్ల మీద తేలే ఫ్లోటుని పట్టుకుంది. ఫ్లోటు తాడు ఆయన నడుముకి కట్టి ఉంది. ఫ్లోటుతో పాటు ఆయన్నీ కిందికి లాక్కుపోయింది. తాడు తెగబట్టి బతికాడు. 462 కుట్లు పడ్డాయి. నా వృత్తి కళ్లతో చూస్తే ఇది స్పష్టంగా ఖాతా జప్తు. ఖాతాదారు ఖాతాకి అంటుకుని ఉండటం వల్ల కలిసి పోయాడు. అందుకే ఇవాళ బుద్ధి ఉన్నవాడెవడూ కొట్టిన చేపల్ని ఒంటికి కట్టుకోడు. పొడుగు తాడున్న ఫ్లోటులో వేస్తాడు, లేకపోతే ఎప్పటికప్పుడు పడవకి చేరుస్తాడు.

కోలుకున్నాక ఆయన సొరల్ని దగ్గరగా చూడటానికి మనుషులే లోపల కూర్చునే ఇనుప బోను తయారు చేయించి, ఆ తర్వాత సొరల తరఫునే మాట్లాడుతూ వచ్చాడు. ఇంకో విశేషం, ఆ సొర పంటి ముక్క ఒకటి ఆయన మణికట్టులోనే ఉండిపోయింది. పన్ను రీఫండ్ వచ్చిన మనిషి సముద్ర చరిత్రలో ఆయనొక్కడే కావచ్చు.

కథ విని మా బామ్మర్ది కాసేపు నోరు మూసుకున్నాడు. తర్వాత “బావా, నేను మా కాలవలో రెండు నిమిషాలు మునిగేవాణ్ణి తెలుసా?” అన్నాడు. నాకు అసలు టెన్షన్ అక్కడ మొదలైంది.

ఎందుకంటే ఈ ఆటలో మనుషుల్ని ఎక్కువగా తీసుకుపోయేది సొర కాదు, సొంత ఊపిరి. దిగే ముందు గబగబా పది పదిహేను లోతు శ్వాసలు తీస్తే ఎక్కువసేపు ఉండొచ్చని చాలామంది అనుకుంటారు. ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బయటికి పోతుంది. ఊపిరి తీసుకోవాలని లోపల గుబులు పుట్టించేది అదే. అంటే మీరు చేసిందేమిటి? ఖాతాలో డబ్బు పెంచలేదు, బ్యాలెన్స్ తగ్గిందని వచ్చే ఎస్సెమ్మెస్సులు ఆపు చేయించుకున్నారు. ఇంకా ఘోరం, 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైదానికి రెట్టింపు. ఆ ఒత్తిడి వల్ల ఉన్న కాస్త ఆక్సిజన్‌తోనే ఒంటికి గడిచిపోతుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఆ కాస్తా చాలకుండా పోతుంది. గట్టు కనిపిస్తుండగా, ఏ బాధా లేకుండా, దీపం ఆర్పినట్టు స్పృహ పోతుంది. చెక్కు బౌన్సయిన సంగతి కూడా తెలీదు. ఒక్కోసారి తల బయటికి వచ్చి ఊపిరి తీశాక కూడా పోతుంది. పక్కన మనిషి ఉండి ముఖం నీళ్లలో పడకుండా పట్టుకుంటే తేరుకుంటారు. లేకపోతే లేదు.

దీని మీద సినిమాలు పెద్దగా తీయలేదు. ఎలా తీస్తారు? పళ్లు లేవు, రెక్క లేదు, వెనక సంగీతం వాయించడానికి వీల్లేదు. అలారం మోగించాల్సింది పోయి నిశ్శబ్దంగా వచ్చే విలన్‌ని ప్రేక్షకులు ఒప్పుకోరు. కాబట్టి మనం సొరకి భయపడటమే ఖాయం చేసుకున్నాం.

ప్లంబరు రూలు ఒకటే. ఒకడు కిందుంటే ఒకడు పైన, కళ్లు వాడి మీదే. వాడు పైకొచ్చాక కూడా అరనిమిషం చూపు తిప్పకూడదు. కింద ఎంతసేపున్నాడో దానికి కనీసం రెట్టింపు పైన విశ్రాంతి. మిగతావి దారిలో ముక్కలు ముక్కలుగా చెప్పాడు: మురికి నీళ్లు వద్దు, నది కలిసే చోటు వద్దు, సందెవేళ వద్దు, చేప చిక్కగానే మెదడు మీద కత్తి పొడిచి కొట్టుకోకుండా చెయ్యి, సొర వస్తే ముఖం దాని వైపే ఉంచు, వెన్ను చూపి పరిగెత్తకు, చేప అడిగితే ఇచ్చెయ్. నెత్తురు ఆపే టార్నికే పట్టీ పడవలో అందేచోట పెట్టాడు. మా వాడు అన్నిటికీ తల ఊపాడు. ఇచ్చెయ్ దగ్గర మాత్రం ఊపలేదు. గమనించాను.

ఇక్కడ దాడుల చిట్టా సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఫ్లోరిడా మ్యూజియం వాళ్లు ప్రపంచంలో జరిగే సొర కాట్లన్నీ ఒక దస్త్రంలో రాస్తారు. రెచ్చగొట్టకుండా జరిగినవి 2023లో 69, 2024లో 47. ఇంత పెద్ద ప్రపంచానికి ఇవి ఏ మూలకి? మా పాలకొల్లు వీధి కుక్కలు వింటే నవ్వుకుంటాయి. చిత్రమేమిటంటే ఈటె పట్టుకుని చేపలు కొట్టేవాణ్ణి సొర కరిస్తే ఆ లెక్కలో వెయ్యరు. రెచ్చగొట్టినవి అనే వేరే ఖాతాలో వేస్తారు. అంటే మీ కాలు పోయినా దస్త్రంలో ముద్దాయి మీరే. ఎంత ఆలోచించినా ఆ గుమస్తాని తప్పు పట్టలేకపోయాను. ఒకడు మీ వంటింట్లోకి దూరి, మీ అన్నం ముందు కూర్చుని, పొయ్యి మీది కూర గరిటెతో పొడిచి పొడిచి ఇల్లంతా వాసన లేపి, మీరు వచ్చి చూస్తే ‘దాడి దాడి’ అని అరిస్తే ఏం చేస్తారు?

అవతలి ఖాతా తిరగేస్తే ఇంకో రకం. మనుషులు ఏటా చంపే సొరలు సుమారు 10 కోట్లని 2013లో ఒక అంచనా వచ్చింది. బీచ్‌లో సొర కనిపించిందని జనం పరిగెత్తుకుంటూ ఒడ్డెక్కి, భయం తీరడానికి ఎదురుగా ఉన్న కొట్లో ఫిష్ అండ్ చిప్స్ తింటారు. అందులో ‘ఫ్లేక్’ అని అమ్మేది గమ్మీ షార్క్, సొరే. మనమేం తక్కువ తిన్నామా? నేను పుట్టినప్పుడు పాలు పడాలని మా అమ్మమ్మ మా అమ్మకి పాలసొర పుట్టు వండి పెట్టిందట. తొలి గుక్క నుంచే బాకీలో ఉన్నవాణ్ణి.

ఇక సిడ్నీ వైపు గ్రే నర్స్ అనే సొర కథ వింటే నాకు కళ్లు చెమరుస్తాయి. దాని పళ్లు నోరు మూసినా బయటికే కనపడతాయి. చూడ్డానికి నరభక్షి. మనిషి జోలికి వచ్చే రకం కాదు. అయినా 1950లు, 60లలో ఈటె చివర తూటా బిగించుకుని వేటగాళ్లు వీరులమనుకుంటూ వందలకొద్దీ చంపారు. చివరికి 1984లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం దాన్ని చంపకూడదని చట్టం చేసింది. లోకంలో చట్టం రక్షణ పొందిన మొదటి సొర అదే. పళ్లు పైకి కనిపించడమే అది చేసిన నేరం. లోపల దాచుకున్నవాళ్లు ఎన్నికల్లో నిలబడుతున్నారు.

సరే, మా కేసు. నాలుగో మునకలో మా బామ్మర్ది ఒక కింగ్‌ఫిష్‌ని కొట్టాడు. పేరు విని వంజరం అనుకోకండి, మన పార జాతి. మంచి బరువైనది, తాడు బిర్రుగా లాగుతోంది. మా వాడు పైకి వచ్చి ఊపిరి తీసుకుని, ఆనందంతో కేక పెట్టాడు. నేను ముఖం నీళ్లలో పెట్టి చూస్తున్నాను. మసక నీలంలోంచి రాగి రంగు ఒకటి వచ్చింది. బ్రాంజ్ వేలర్ అనే సొర. మనిషి కన్నా పొడుగు. హడావిడి లేదు. ఒక చుట్టు తిరిగింది, లెక్క చూసుకుంది.

మా వాడు తాడు లాగడం మొదలుపెట్టాడు. అది అటు లాగింది. ఇది మా వంశంలో కొత్త కాదు, పొలం గట్టు దగ్గర ఇంతకన్నా చిన్న విషయానికి మూడు తరాలు కోర్టుకి తిరిగారు. ప్లంబరు ఈదుకుంటూ వచ్చి వాడి మోచెయ్యి పట్టుకుని ఒక్క మాట అన్నాడు. ఇచ్చెయ్. ఆ రోజు కోటాలో అదే ఆఖరి మాట.

తాడు వదిలేశాడు. ముగ్గురం వీపులు కలుపుకుని, ముఖాలు బయటికి పెట్టి, మెల్లగా పడవ వైపు జరిగాం. రెండు కడియాల చెయ్యి వణుకుతోంది. ఫ్లోటు కాసేపు ఊగి ఆగిపోయింది. పడవెక్కాక ప్లంబరు తాడు చుట్టాడు. ఈటె వచ్చింది. దాని చివర చేప తల వచ్చింది, మెడ దగ్గర కత్తెరతో కోసినట్టు చక్కగా.

“నా కష్టార్జితం బావా,” అన్నాడు మా వాడు, ఏడుపు ఒక్కటే తక్కువ.

ఇంటికెళ్లేసరికి మా ఆవిడ సంచీ తెరిచి చూసింది. “తలకాయొక్కటే తెచ్చావేంట్రా? మిగతాది?”

“పన్ను కింద పోయిందక్కా.”

ఆమె తలని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మొప్పలు ఎత్తి చూసి, “పులుసుకి ఇదే కదా కావలసింది. తినడం తెలీని చేపలా ఉంది,” అని చింతపండు నానబోసింది.